మాలకీ గారి నాలుగో మస్కెట్

అత్లోన్
5 అక్టోబరు 2025, ఆదివారం

కేశవరావు బాబాయ్‌కి,

మొన్న గురువారం, విజయదశమి నాడు పొద్దున ఏడుంపావుకి ఇద్దరు పోలీసులు మా ఇంటికి వచ్చి మస్కెట్‌ను పట్టుకుపోయారు. ఇక్కడ ఐర్లండులో పోలీసుల్ని గార్డులంటారు. ఆ మస్కెట్ నాది కాదు. దాని సొంతదారుకు చెప్పకుండా ఇంటికి తెచ్చాను.

ఫోన్లో మీకు వినపడదు, ఫైరింగ్ రేంజ్ మీ చెవుల్ని మిగల్చలేదు. అందుకని ఎప్పటిలాగే రాసి పంపుతున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

సెప్టెంబరు ఉత్తరంలో మీరు రాశారు: "మహానవమికి ఆయుధపూజ చెయ్యని చేత్తో తుపాకీ పట్టకూడదు. మా బెటాలియన్‌లో కమాండింగ్ ఆఫీసరు కూడా బొట్టు పెట్టాకే ముట్టుకునేవాడు. నీ తుపాకీకి పూజ చేసి ఫొటో పంపు." నాకూ చెయ్యాలనిపించింది.

ఇరవై ఏడో తేదీ శనివారం కోట దగ్గర ప్రదర్శన ముగిశాక మాలకీ ఫాలన్ గారి వర్క్‌షాపులో నాలుగు మస్కెట్లూ శుభ్రం చేశాం. మాలకీ మా దళానికి పెద్ద. డెబ్బై ఏళ్ళవాడు. హైస్కూల్లో వడ్రంగం నేర్పి రిటైరయ్యాడు. తుపాకుల లైసెన్సు ఆయన పేరు మీద ఉంది. ఆయన కళ్ళెదుట తప్ప మేమెవరం వాటిని పట్టుకోకూడదు. తుడవడం అయ్యాక ఆయన టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాడు. నేను మూడింటిని ఇనప బీరువాలో పెట్టి, నాలుగోదాన్ని దుప్పట్లో చుట్టి కారు డిక్కీలో పెట్టాను. ఆయన కప్పులతో వచ్చి, "అన్నీ లోపలున్నాయా హేమా?" అన్నాడు. "ఉన్నాయి" అన్నాను. ఆయన లోపలికి తొంగి చూడను కూడా చూడకుండా తాళం వేశాడు.

అడిగి ఉంటే ఇచ్చేవాడు కాదు. ఇవ్వకూడదు. ఆ సంగతి తెలిసే అడగలేదు.

బుధవారం సాయంత్రం పూజ చేశాం. గొట్టానికి పసుపు, గంధం, కుంకుమ. నిమ్మకాయ కోసి గొట్టం పొడవునా పిండాను. బూడిదగుమ్మడికాయ దొరకలేదు. హాలోవీన్‌కని సూపర్‌మార్కెట్లో అమ్మే నారింజ రంగు గుమ్మడికాయ తెచ్చి, కుంకుమ పోసి గుమ్మంలో కొట్టాను. మస్కెట్ అప్పుడు తలుపుకి ఆనించి ఉంది. హాసిని చూసి, "డాడ్, ఇట్ లుక్స్ లైక్ ఎ క్రైమ్ సీన్" అంది. మైథిలి కూడా కూతురితో పాటు నవ్వింది. కుక్కని తిప్పుకుంటూ పోయే పక్కవీధి ఆవిడకి మాత్రం నవ్వు రాలేదు. గార్డులకి ఫోన్ చేసింది. ఆవిడ చేసింది సరైన పనే.

గార్డులు మర్యాదగానే మాట్లాడారు. గుమ్మంలో ఎర్రటి మరక చూసి చిన్నవాడు, "మీకు హాలోవీన్ ముందే వచ్చేసిందా?" అన్నాడు. పెద్దవాడు నవ్వలేదు. "ఇది ఎవరిది?" అని అడిగాడు. మాలకీ గారిదన్నాను. ఎలా వచ్చిందని అడిగేలోపు అతనికి ఫోన్ వచ్చింది. వాళ్ళు నేరుగా మాలకీ దగ్గరికి వెళ్ళారు. ఆయన తడుముకోకుండా, "నేనే ఇచ్చాను. ఆ అబ్బాయి తప్పేం లేదు" అన్నాడట. మిగతా మూడూ పట్టుకుపోయారు.

సాయంత్రం ఆయన ఫోన్ చేశాడు. "యూ ఆర్ గ్రాండ్. ఏం మాట్లాడకు" అన్నాడు. గ్రాండ్ అంటే ఇక్కడి మాటలో, ఏం ఫర్వాలేదని. నా పౌరసత్వం దరఖాస్తు ఇప్పుడు విచారణలో ఉందని ఆయనకు తెలుసు. అందులో హామీ సంతకం పెట్టింది ఆయనే.

ఇవాళ్టి దాకా నేను గార్డులకి ఏమీ చెప్పలేదు. ముఖం చెల్లడం లేదు.

మీ
హేమచంద్


తాడేపల్లిగూడెం
8-10-2025

చి. హేమచంద్‌ని ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం మీ పిన్ని ఫోన్లో పెద్దక్షరాలు చేసి ఇస్తే రెండుసార్లు చదివా. రెండోసారి లేచి నిలబడి చదివా.

ఒరేయ్, ఆయుధాన్ని డ్యూటీలో లేనప్పుడు, సంతకం లేకుండా, కోత్‌లోంచి బయటకి తీసుకెళ్ళావా? కోత్ అంటే తెలుసుగా, మా ఆయుధాల గది. మా సెంటర్లో ఒకడు రైఫిల్ బోల్టు ఒక్కటి పోగొడితే బెటాలియన్ అంతా మూడు రోజులు గడ్డి దువ్వాం. అన్నం కూడా అక్కడే. బోల్టు దొరికింది, వాడి మొహం మాత్రం మళ్ళీ ఎవరికీ కనపడలేదు.

పూజ చెయ్యమన్నది నేనే. ఆయుధం ఉన్నచోట చెయ్యాలి గానీ ఇంటికి మోసుకొచ్చి చెయ్యమన్నానా? మా కోత్ దగ్గరే పంతులు వచ్చేవాడు. ఇంగితం ఉండక్కర్లేదా?

సరే. మీ కంపెనీ కమాండరు ఆ మాలకీ సాహెబ్, కింది సిపాయిని కాపాడ్డానికి తన మీద వేసుకున్నాడు. అలాంటి అధికారి దొరకడం నీ అదృష్టం. నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. యూనిఫాం వేసుకో, బూట్లు పాలిష్ చెయ్యి, పెద్దాఫీసర్ ముందుకెళ్ళి సెల్యూట్ కొట్టి, "తీసింది నేను" అని రిపోర్టు చెయ్యి. కోర్ట్ మార్షల్ అయితే అవనీ. ఐర్లండు సైన్యంలోనూ మర్యాద ఒకటే ఉంటుంది.

ఈ నెల పద్నాలుగున మా మాజీ సైనికుల సంఘం మీటింగు. నీ యూనిఫాం ఫొటోతో ఫ్లెక్సీ వేయించా. "హవల్దార్ కేశవరావు గారి అన్నకొడుకు, ఐర్లండు సైన్యం" అని. బస్టాండు ఎదురుగా కట్టారు. దాన్ని చూసి గుండె ఉప్పొంగిన వారం రోజులకే నీ ఉత్తరం.

ఆశీస్సులతో
కేశవరావు

నాయనా హేమా, పిన్నిని. ఈయన నిన్నట్నుంచి మజ్జిగ కూడా తాగలేదు. నువ్వు బెంగ పెట్టుకోకు. హాసినికి జలుబు తగ్గిందా? — కృపావతి


అత్లోన్
12 అక్టోబరు 2025

బాబాయ్‌కి,

ఫ్లెక్సీ తీయించెయ్యండి. నేను సైన్యంలో లేను.

ఇది మీకు కిందటేడే చెప్పాల్సింది. కోట దగ్గర ఎర్రకోటు, టోపీ, భుజాన మస్కెట్‌తో దిగిన ఫొటో పంపినప్పుడు మీరు, "మన ఇంట్లో రెండో సిపాయివి" అని రాశారు. నేను దండం పెట్టే బొమ్మ పంపి ఊరుకున్నాను. మీరు అంత సంతోషపడుతుంటే దిద్దబుద్ధి కాలేదు. తరవాత దిద్దడం కష్టమైంది.

అసలు సంగతి ఇది. 1691లో ఈ ఊరి వంతెన దగ్గర పెద్ద యుద్ధం జరిగింది. అవతలి ఒడ్డున ఒక సైన్యం, ఇవతల ఒక సైన్యం, మధ్యలో షానన్ నది. అప్పటి పటాలాలు ఎలా నడిచేవో, ఎలా కాల్చేవో, ఆ బట్టలతో, ఆ ఆయుధాలతో చేసి చూపించే దళం మాది. పద్నాలుగుమందిమి. పదిమంది పొడవాటి బల్లేలు పడతారు, నలుగురం మస్కెట్లు. పిల్లలూ టూరిస్టులూ చూస్తారు. నేను పగలు మందుల ఫ్యాక్టరీలో కంప్యూటర్ల పని చేస్తాను. ఊళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఆ దళం వల్లే దొరికారు.

నిన్న మాలకీ ఇంటికి వెళ్ళాను. తలుపు తీసి, "రా, వాన పడుతోంది" అన్నాడు. క్షమాపణ చెప్పబోతే చెయ్యి ఊపేశాడు.

"పూజంటే, దానికి ఏం చెబుతారు?" అని అడిగాడు.

"మమ్మల్ని కాపాడమని. మా చేత తప్పు చేయించవద్దని."

"అది సగమే విన్నట్టుందిలే" అని నవ్వాడు. తరవాత, "నిమ్మరసం పిండావని మైథిలి చెప్పింది. తరవాత నూనె రాశావా?"

రాయలేదు. పూజ చేసిందాన్ని మర్నాటి దాకా కదపకూడదని అలాగే ఉంచాను. పొద్దునే వాళ్ళు వచ్చారు.

ఆయన కప్పు కింద పెట్టాడు. ఆ మస్కెట్ కొయ్య పిడిని ఆయన అక్రోటు చెక్కతో సొంతంగా చెక్కాడు. అదే ఆయన చేసిన మొదటిది. పులుపుకి ఉక్కు తుప్పు పడుతుంది, రోజుకింత లోపలికి తింటుంది. స్టేషన్‌కి వెళ్ళి, వాళ్ళ ఎదుటే నూనె గుడ్డతో ఒకసారి తుడవనిమ్మని అడిగాడట. విచారణలో ఉన్న వస్తువు, ముట్టుకోనివ్వం అన్నారు. వాళ్ళ రూలు వాళ్ళది. ఆయన నాకు కోపంగా ఒక్క మాట అనలేదు. టీ అయిపోయాక కప్పులు కడిగి పెట్టి వచ్చేశాను.

స్టేట్‌మెంటు ఇవ్వాలా, దరఖాస్తు తేలేదాకా ఆగాలా అన్నది నాకు తేలడం లేదు. దరఖాస్తు పోతే నష్టం నా ఒక్కడికే కాదు, మైథిలికీ హాసినికీ కూడా.

హేమచంద్


తాడేపల్లిగూడెం
16-10-2025

హేమచంద్‌కి,

పద్నాలుగో తారీకు మీటింగు అయిపోయింది. నీ ఉత్తరం అంతకుముందే అందింది. నేను నోరు విప్పలేదు. నాకు శాలువా కప్పారు. కప్పుకున్నా.

ఇరవయ్యేళ్ళు ఇన్‌ఫాంట్రీలో చేసినవాడి అన్నకొడుకువి. తిరునాళ్ళలో వేషం వేసినట్టు ఎర్రకోటు వేసుకుని తుపాకీ పట్టావా? పైగా ఆ కోటు ఎవరిదో తెలుసా? మన తాతల్ని తన్నినవాళ్ళది. పద్నాలుగుమంది సైన్యమట! మా లంగర్లో వంటవాళ్ళే ఇరవైమంది.

ఇప్పుడు నీ ప్రశ్నకి జవాబు. ఊరుకో. నిజమైన ఆయుధమైతే నా మాట వేరుగా ఉండేది. నాటకం తుపాకీకి స్టేట్‌మెంట్లేంటి? ఆ పెద్దాయన తనంతట తాను ఒప్పుకున్నాడు. పోతే ఆయన సరదా పోతుంది. నీకైతే పెళ్ళాం, పిల్ల, ఉద్యోగం. కాగితం చేతికొచ్చాక వెళ్ళి కాళ్ళమీద పడు. ఇది నా ఆర్డరు అనుకో.

ఫ్లెక్సీ సంగతి నేను చూసుకుంటా.

కేశవరావు

ఏం చూసుకోవట్లేదు నాయనా. బస్టాండు వైపు పోకుండా కూరగాయలకి చుట్టు తిరిగి పోతున్నాడు. — పిన్ని


అత్లోన్
26 అక్టోబరు 2025

బాబాయ్‌కి,

మీ ఆర్డరు నాకు నచ్చింది. అది అందిన రోజు హాయిగా నిద్రపోయాను. అందుకే ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. రాస్తే మీకు ఒక విషయం చెప్పాల్సి వస్తుంది.

అది నాటకం తుపాకీ కాదు. గుండు వెయ్యం, అంతే. మిగతాదంతా నిజం. గొట్టంలో తుపాకీమందు పోసి, పొడవాటి కడ్డీతో దట్టించి, వెలిగించిన వత్తితాడుతో అంటిస్తాం. ఎదురుగా దగ్గరలో మనిషి ఉంటే కళ్ళు పోతాయి. మొదటి ఆరు నెలలూ మాలకీ నాకు మందు ఇవ్వలేదు. ఉత్త చేతులతో డ్రిల్లు చేయించాడు. "గొట్టం ఎవరి వైపూ తిప్పకు. ఖాళీది అయినా సరే, ఖాళీది అని నువ్వు చెప్పినా సరే" అనేవాడు. దాన్ని నేను హాసిని చెప్పుల స్టాండు పక్కన ఒక రాత్రంతా ఉంచాను. గార్డులు రావడం వింతేమీ కాదు.

గురువారం దళం సమావేశం జరిగింది. మాలకీకి పోలీసు సూపరింటెండెంట్ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. లైసెన్సు రద్దు చెయ్యాలనుకుంటున్నాం, చెప్పుకునేది ఉంటే నవంబరు పద్నాలుగు లోపు చెప్పుకోండి అని. రద్దయితే నాలుగు మస్కెట్లూ తిరిగి రావు. వసంతంలో ఒప్పుకున్న ప్రదర్శనలు పోతాయి. ఆయన వయసుకి కొత్త లైసెన్సు ఇస్తారన్న ఆశ ఎవరికీ లేదు.

బల్లెం పట్టే నోరీన్ అనే ఆవిడ లేచింది. ఊళ్ళో బేకరీ ఆవిడది, మాట కటువు.

"నీకు బుద్ధి ఉందా మాలకీ? పాతికేళ్ళుగా మా అందరికీ రూల్సు చెప్పి చెప్పి చంపావు. గ్లవ్స్ మర్చిపోతే నన్ను ఇంటికి పంపావు. లైసెన్సు లేని మనిషికి తుపాకీ ఇచ్చి ఇంటికి పంపుతావా?"

"పొరపాటైంది" అన్నాడు మాలకీ.

"పొరపాటా? హేమాకి ఇక్కడి చట్టం తెలియకపోవచ్చు. నీకు తెలీదా? పాపం ఆ అబ్బాయి ఇంటిమీదికి గార్డుల్ని తెచ్చావు."

"అవును నోరీన్. తెచ్చాను."

అందరూ నావైపు జాలిగా చూశారు. ఒకాయన నా భుజం తట్టి బిస్కెట్ల పళ్ళెం ఇటు జరిపాడు. నేను ఒకటి తీసుకున్నాను. తిన్నాను. మాలకీ నావైపు చూడలేదు. నేను ఆయన వైపు చూడలేదు. ఇంటికి వచ్చాక మైథిలికి చెప్పలేకపోయాను. మీకే మొదట చెబుతున్నాను.

మీరు ఊరుకోమన్నారు. ఊరుకుంటే ఎలా ఉంటుందో చూశాను.

హేమచంద్


తాడేపల్లిగూడెం
31-10-2025

చి. హేమకి,

నీ ఉత్తరం వచ్చిన సాయంత్రం బస్టాండుకి వెళ్ళా. నిచ్చెన ఇవ్వమంటే కిళ్ళీకొట్టువాడు, "ఎందుకండీ హవల్దారు గారూ, దీపావళి వెళ్ళింది, సంక్రాంతిదాకా ఉంటుందిలెండి" అన్నాడు. నేనే ఎక్కి తాళ్ళు కోశా. మీ పిన్ని కింద నిలబడి నిచ్చెన పట్టుకుని తిట్టింది. మోకాలు పట్టేసింది, అది వేరే కథ.

మర్నాడు సంఘం ఆఫీసుకి శాలువా తీసుకెళ్ళా. సుబేదార్ శేషగిరిరావు క్యారమ్స్ ఆడుతున్నాడు.

"ఏంటి కేశవరావ్, శాలువా చిన్నదైందా?"

"నాది కాదు. మా అబ్బాయి సిపాయి కాదు. చరిత్ర ఆడి చూపించే దళంలో ఉన్నాడు. నేనే పొరపాటుగా అనుకున్నా. మీటింగుకి ముందే నిజం తెలిసింది. తెలిసీ కప్పుకున్నా."

నలుగురూ ఆట ఆపారు. శేషగిరిరావు శాలువా మడత పెట్టి బీరువాలో పెట్టాడు. "టీ తాగుతావా?" అన్నాడు. తాగలేక వచ్చేశా. ఇవాళ్టికీ అటు వెళ్ళలేదు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. ఏదో ఒకటి అంటే బాగుండేది.

నీ తుపాకీ అబద్ధందని ఊరుకోమన్నానని రాశా కదా. అది కాదు. నువ్వు స్టేట్‌మెంటు ఇస్తే ఎవరైనా పేపర్లో వేస్తారు, ఆ పేపరు ఇక్కడికి వస్తుంది, ఫ్లెక్సీ సంగతి బయటపడుతుంది. అది నా భయం. నీకు ఆర్డరు కింద ఇచ్చా.

గొట్టం ఎవరి వైపూ తిప్పవద్దని చెప్పే మనిషి నా లెక్కలో అధికారే. ఆయన పటాలం పద్నాలుగుమందైనా సరే. కోటు సంగతి మాత్రం నాకింకా నచ్చలేదు.

పూజ చెయ్యమన్నది నేనని కాగితం రాసి సంతకం చేసి దీనితో పంపుతున్నా. పనికొస్తే వాడు. తప్పు తగ్గించుకోడానికి కాదు. ఎందుకు తీశావని అడుగుతారు, అప్పుడు నిజం చెప్పడానికి.

కేశవరావు

హేమా, మైథిలికి ముందు చెప్పు. బయటివాళ్ళ నోట వినకూడదు. — పిన్ని


అత్లోన్
9 నవంబరు 2025, ఆదివారం

బాబాయ్‌కి, పిన్నికి,

మైథిలికి చెప్పాను. రెండు రోజులు పనికి సంబంధించినవి తప్ప మాట్లాడలేదు. మూడో రోజు, "బిస్కెట్ తిన్నావా నిజంగా?" అని అడిగింది. తిన్నానన్నాను. "నాకు దరఖాస్తు పోయినా ఫర్వాలేదు. మాలకీ ఇంటికి నేను ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి?" అంది. తరవాత తనే లాయరు నంబరు వెతికింది.

లాయరు ఉన్నది ఉన్నట్టు చెప్పింది. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకున్నందుకు నా మీద కేసు పెట్టవచ్చు. పెట్టకపోనూ వచ్చు. కేసు సంగతి ఎలా ఉన్నా, పౌరసత్వం ఆఫీసుకి నేనే ముందుగా తెలియజెయ్యాలి. దరఖాస్తు ఆగిపోవచ్చు, తిరస్కరించవచ్చు. మాలకీ గార్డులకి చెప్పింది నిజం కాదని తేలితే ఆయనకీ చిక్కే. లైసెన్సు మిగులుతుందని ఆవిడ మాట ఇవ్వలేదు. తాళం వేసేముందు లోపల చూసుకోలేదు కదా, అది ఆయన తప్పుగానే ఉంటుందంది.

అంటే నేను నిజం చెప్పినా ఆయన పూర్తిగా బయటపడడు. ఇది వినేదాకా, చెబితే అంతా సర్దుకుంటుందని ఎక్కడో అనుకుంటూ ఉన్నాను.

శుక్రవారం ఆయన దగ్గరికి వెళ్ళి చెప్పాను. మొదటిసారి కోపం చూశాను.

"నన్ను అబద్ధాలకోరుని చేస్తావా ఇప్పుడు? గార్డుల ముందు?"

"మిమ్మల్ని చేసింది నేనే. ఇప్పుడు కాదు, ఆ శనివారం."

"నీ కూతురు ఇక్కడ బడికి వెళ్తోంది. నేను ముసలివాణ్ణి. నాకేం పోతుంది?"

"నాలుగు మస్కెట్లు. నోరీన్ దగ్గర మీ మాట విలువ."

ఆయన ఉలి తీసుకుని నూరడం మొదలుపెట్టాడు. నేను మీ కాగితం, మొదటి ఉత్తరంలో కోత్ సంగతి చదివి ఇంగ్లీషులో చెప్పాను. "మీ బాబాయ్ సైనికుడా? నిజం సైనికుడా?" అన్నాడు. అవునన్నాను. "అయితే ఆయనకి చెప్పు, పూజ కోత్ దగ్గరే చెయ్యాలన్న మాట నాకు నచ్చిందని" అన్నాడు. నవ్వాడో లేదో నాకు కనపడలేదు, అటు తిరిగి ఉన్నాడు.

అంతకంటే ఏమీ తేలలేదు. ఆయన నన్ను క్షమించాడని రాయలేను. నేను అడగలేదు కూడా.

నిన్న దళానికి మెసేజ్ పెట్టాను, మస్కెట్ మాలకీ ఇవ్వలేదు, నేను తీశాను, ఆయనతో అన్నీ లోపలున్నాయని చెప్పాను అని. పదిమంది చదివినట్టు కనిపిస్తోంది. నోరీన్ ఒక్కతే జవాబు ఇచ్చింది. "మరి ఆ గురువారం మీటింగులో నోట్లో బిస్కెట్ ఉందా?" అని.

ఎల్లుండి మంగళవారం, నవంబరు పదకొండు, పొద్దున పదిన్నరకి అత్లోన్ గార్డా స్టేషన్‌లో నా స్టేట్‌మెంటు తీసుకుంటారు. పదకొండున్నరకి మాలకీ తన మాట మార్చుకుని రెండో స్టేట్‌మెంటు ఇస్తాడు. లాయరు ఇద్దరితోనూ ఉంటుంది. పౌరసత్వం ఆఫీసుకి ఉత్తరం అదే మధ్యాహ్నం పోస్టు చేస్తాను. లైసెన్సు మీద సూపరింటెండెంట్ నిర్ణయం పద్నాలుగు తరవాత వస్తుంది.

నేను బస్సులో వెళ్తానన్నాను. మాలకీ వద్దన్నాడు. పదికి మా గేటు ముందు కారు ఆపుతాడట.

హేమచంద్